ఆల్ సీజనా, వింటర్ టైరా?

టైరు పేరు ఆల్ సీజనే గానీ, కెనడా చలికి అది చాలదు. 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే ఆ రబ్బరు గట్టిపడుతూ పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది. ట్రెడ్ (టైరు రోడ్డును తాకే భాగం) నిండా ఉండే సన్నటి చీలికలు మంచును కరిచిపట్టుకుంటాయి. "ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా" అంటారు కొందరు. అది నాలుగు చక్రాలనూ తిప్పి బండిని కదిలిస్తుంది, అంతే. బ్రేకు వేసినప్పుడు ఆపాల్సింది టైరే.

ఖర్చంటారా, రెండో సెట్టు కొనాలి, ఏటా రెండుసార్లు మార్పించాలి, వేసవిలో దాచడానికి చోటు చూసుకోవాలి. కాకపోతే చలికాలమంతా పాత సెట్టు అరగదు.

చలి తక్కువుండే వాంకూవర్ ఊళ్లోనే తిరిగేవాళ్లు ఆల్ సీజన్‌తో నెట్టుకురావచ్చేమో. మాంట్రియల్‌లో ఆ బేరమే లేదు: అది ఉన్న క్యూబెక్ రాష్ట్ర చట్టం ప్రకారం డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. వేయిస్తే నాలుగూ వేయించండి. ముందు చక్రాలు రెండింటికే వేయించి సరిపెడితే మలుపులో బండి వెనకభాగం జారిపోవచ్చు.