బస్టాండు లాడ్జా, పాంథనివాసా? కోరాపుట్ దారిలో పిల్లాపాపలతో వెళ్తే ఏది మేలు

ఒడిశాలో బరంపురం నుంచి కారులో కోరాపుట్, జయపురం చూసి రావాలంటే తక్కువలో తక్కువ మూడు నాలుగు రాత్రులు బయట పడుకోవాలి. మేం అయిదుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మా అమ్మ. గదుల మాట ఎత్తగానే అమ్మ ముఖం మాడ్చుకుంది. "లాడ్జీలోనా? ఆడపిల్లని పెట్టుకునా?" అంది. ఆవిడ లెక్కలో ఊరెళ్తే చుట్టాలింట్లో దిగాలి, లేదంటే సత్రంలో దిగాలి. లాడ్జి అంటే సినిమాలో పోలీసులు తలుపు తట్టే చోటు. జయపురంలో మాకు చుట్టాలు లేకపోలేదు, కానీ అయిదుగురం రెండ్రోజులు వాళ్ల నెత్తిన పడితే మళ్లీ పెళ్లిలో ఎదురుపడినప్పుడు ఏ ముఖం పెట్టుకుని పలకరిస్తాం?

డాబా వెనకాల గదుల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. లారీ డ్రైవర్లు నాలుగు గంటలు నడుం వాల్చడానికి కట్టినవి అవి, ఆ పనికి బాగానే ఉంటాయి. రోటీ, తడకా తినండి, టీ తాగండి, బండెక్కండి. ఆడవాళ్లకి అక్కడ బాత్రూముతోనే వస్తుంది గొడవంతా.

ఇక మిగిలినవి రెండు. ఊళ్లో బస్టాండు దగ్గరి లాడ్జి, ఒడిశా పర్యాటక సంస్థ వాళ్ల పాంథనివాస్.

వెళ్లేటప్పుడు దిగపహండి, మోహన మీదుగా 326వ నంబరు జాతీయ రహదారి పట్టాం. ఘాట్లో పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. రాయగడ చేరేసరికి చీకటి పడిపోయింది. లాడ్జి కౌంటరులో తెలుగే. రాయగడలో ఒడియా రాకపోయినా పని జరిగిపోతుంది, మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు వస్తూనే ఉంటారు కదా. నాలుగు మంచాల గది 900 అన్నాడు. అలసటలో గది చూడకుండానే డబ్బు కట్టేశాను. తప్పు నాదే. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, కింద కూర్చునే దొడ్డి. అమ్మ మెట్లన్నీ ఎక్కి, అది చూసి, మాట్లాడకుండా మంచం మీద కూర్చుంది. ఆ మౌనం ఖరీదు 900 కంటే ఎక్కువే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ముందు తాళం అడిగి గది చూస్తాను. కుళాయి తిప్పుతాను, ఫ్లష్ నొక్కుతాను, బాత్రూము గడియ లోపలి నుంచి పడుతుందో లేదో చూస్తాను. పరుపు మూల ఎత్తి కుట్ల వెంట నల్లటి చుక్కలున్నాయేమో వెతుకుతాను, ఉంటే నల్లులు ఉన్నట్టే. కిటికీకి జాలీ లేకపోతే ఆ గది వద్దు. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు మలేరియాకి పేరుపడ్డవి. దోమతెర ఒకటి డిక్కీలో ఎప్పుడూ పడి ఉంటుంది. బస్టాండు వైపు గది అస్సలు తీసుకోకండి, తెల్లారుజామునే కండక్టర్ల కేకలతో లేస్తారు. "వెనకవైపు, కింద గది" అనడం అలవాటు చేసుకోండి.

పన్ను సంగతి కూడా. 2022 జూలై 17 వరకు రోజుకి 1000 రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ మర్నాటి నుంచి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7500 దాకా గదులకు 5 శాతమే. అంటే 900 గదికి 108 కట్టేవాళ్లం, ఇప్పుడు 45. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న లాడ్జీ రిజిస్టరు చేసుకోకపోతే జీఎస్టీ వసూలు చేయకూడదు. "పన్ను కూడా ఉంది సార్" అన్నచోట బిల్లు మీద జీఎస్టీ నంబరు చూపించమనండి, చాలాసార్లు పన్ను దానంతటదే మాయమవుతుంది.

తిరుగు ప్రయాణంలో తప్తపాణి పాంథనివాస్‌లో దిగాం. "ఇల్లు ఇంకో యాభై కిలోమీటర్లు, ఇక్కడ డబ్బిచ్చి పడుకుంటారా ఎవరైనా?" అంది మా ఆవిడ. పైగా ఇక్కడ రెండు గదులు తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఒక్క రాత్రి ఖర్చుతో రాయగడ లాడ్జీలో మూడు రాత్రులు గడిచేవి. కానీ మధ్యాహ్నం రెండింటికే దిగాం. పిల్లలు చెట్ల కింద పరిగెత్తారు, వేడినీళ్ల బుగ్గ దగ్గర గంధకం వాసనకి ముక్కులు మూసుకుని నవ్వుకున్నారు. కారు మా కళ్లెదుటే, కమోడ్ ఎత్తుగా, మెట్లు లేవు. అన్నం, డాల్మా (కూరముక్కలు వేసిన ఒడియా పప్పు) అక్కడే. అమ్మ సాయంత్రం అరుగు మీద కూర్చుని లేవనంది.

అదే పాంథనివాస్‌కి రాత్రి తొమ్మిదింటికి చేరి పొద్దున్నే లేచి పోయుంటే? ఆ డబ్బంతా చీకటికి పోసినట్టే. లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల లెక్క ఉంటుంది, ఎప్పుడు దిగితే మర్నాడు అప్పటిదాకా గది మీదే. పర్యాటక గదులకి ఇన్నింటికి దిగాలి, ఇన్నింటికి ఖాళీ చేయాలి అని గడియారం ఉంటుంది. అందుకని నేను అద్దె కన్నా ముందు చూసేది వెలుతురుండగా ఆ గదిలో ఎన్ని గంటలుంటాం అని. చీకటి పడ్డాక దిగి, తెల్లారకముందే బయల్దేరే రాత్రికి లాడ్జీయే మేలు, అదీ శుభ్రమైనదైతే. గోపాలపురం సముద్రం, రంభలో చిలకా, తప్తపాణి లాంటి చోట, ఊరు చూడడం కన్నా ఊరికే కూర్చోవడమే పనైతే పాంథనివాస్‌కి డబ్బు పెట్టొచ్చు. అయితే ముందే బుక్ చేసుకోవాలి. సెలవుల్లో వెళ్లి కౌంటరులో అడిగితే దొరకడం కష్టం.

జయపురంలో రెండు రాత్రులూ లాడ్జీలోనే ఉన్నాం. పగలంతా దేవమాలి కొండ, గుప్తేశ్వర్ గుహాలయం అంటూ తిరిగేవాళ్లకి గదిలో ఉండేది ఎన్ని గంటలు? రాయగడ దెబ్బకి ఈసారి వెనకవైపు కింద గదే అడిగాను. కౌంటరులో ఉన్న పెద్దాయనది పర్లాకిమిడి. అమ్మ ఆయనతో గంటసేపు ఊరి కబుర్లు చెప్పింది, ఎవరింటి పెళ్లిలో చూసుకున్నారో కూడా తేల్చేశారు. మర్నాడు పొద్దున ఆయనే అమ్మకి రెండో బకెట్టు వేడినీళ్లు పంపించాడు, అడక్కుండానే.

ఈ డిసెంబరులో మళ్లీ వెళ్దామంటున్నారు పిల్లలు. 1672 మీటర్ల దేవమాలి పక్కన ఆ నెల చలి మామూలుగా ఉండదు. అందుకని ఫోనులో రేటు తర్వాత, ముందు "గరమ పాణి మిళిబొ కి?" (వేడినీళ్లు దొరుకుతాయా?) అని ఒడియాలో అడుగుతున్నాను. "హఁ, సకాళె" (ఆఁ, పొద్దున) అన్నాడొకడు. ఎన్నింటి దాకా అని అడిగేలోపు పెట్టేశాడు. ఆ లాడ్జి పేరు కొట్టేశాం.