బొబ్బిలి కోట చూడ్డానికి ఎక్కడ దిగాలి? బొబ్బిలి లాడ్జీలోనా, విజయనగరంలోనా, పిన్ని ఇంట్లోనా?

బొబ్బిలి వెళ్దామనుకునేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే: "కోటకి దగ్గర్లో మంచి లాడ్జీ ఉందా?" అని. అసలు తిరకాసు అక్కడే ఉంది. ఏ కోటకి దగ్గర్లో? 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు సేనలు చుట్టుముట్టిన మట్టికోట ఇవాళ లేదు. ఆ యుద్ధానికి గుర్తుగా నిలబెట్టిన స్తంభం ఉంది. ఊళ్ళో ఆటో ఎక్కి "కోటకి పోనీ" అంటే తీసుకెళ్ళేది యుద్ధం అయిన చాలాకాలానికి కట్టుకున్న రాజావారి దివాణానికి. రాజవంశీకులు ఇప్పటికీ ఉంటున్న ఇల్లది. రాజస్థాన్‌లో లాగా కోటనే హోటలు చేసి గదులు అద్దెకిచ్చే పద్ధతి ఇక్కడ లేదు. లోపలికి వెళ్ళాలన్నా ముందుగా అడిగి, వాళ్ళు సరేనంటేనే.

కాబట్టి కిటికీ తీస్తే కోట కనపడే గది కోసం వెతకొద్దు. దొరికినా కనపడేది ప్రహరీగోడ. ఈ ఊళ్ళో చూడాల్సినవి నాలుగు చోట్ల ఉన్నాయి: స్తంభం ఒకచోట, దివాణం ఒకచోట, రాజావారి ఇలవేల్పు వేణుగోపాలస్వామి గుడి, ఊరవతల వీణలు చేసే గొల్లపల్లి. గది ఎంత దగ్గర అని కాకుండా, వీటి దగ్గర మీరు ఏ వేళకి ఉండాలనుకుంటున్నారు అని చూసుకుంటే ఎక్కడ దిగాలో తేలిపోతుంది. నేను మూడుసార్లు మూడు చోట్ల దిగి తెలుసుకున్నాను.

మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళాను. బస్టాండుకి కూతవేటు దూరంలో లాడ్జీ. నాన్ ఏసీ గది 900. కౌంటర్లో పెద్దాయన ఆధార్ జిరాక్సు తీసుకుని, అట్ట ఊడిన పెద్ద రిజిస్టరు నా ముందుకి తోశాడు. ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు, ఏ పని మీద అని గళ్ళు. చివరి గడిలో "కోట చూడ్డానికి" అని రాశాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి నన్నొకసారి చూశాడు. "కోట సూడ్డానికి రేత్రి ఉండిపోడమేటి బాబూ? గంట పని." నా పైన ఉన్న గళ్ళు చూస్తే ఆయన ఆశ్చర్యం అర్థమైంది: పెళ్ళి, పెళ్ళి, కోర్టు పని, మందుల కంపెనీ, పెళ్ళి.

ఇలాంటి చిన్న లాడ్జీల్లో నాకు నచ్చేది 24 గంటల లెక్క. సాయంత్రం ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటిదాకా గది మనదే. పెద్ద హోటళ్ళలో మీరు రాత్రి పదింటికి దిగినా మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చెయ్యమంటారు. ఎండవేళ వచ్చి కాళ్ళు కడుక్కుని ఒక కునుకు తియ్యాలనుకునేవాడికి ఈ తేడా చిన్నది కాదు. అయితే ఏ లాడ్జీది ఏ లెక్కో దిగేముందే అడగాలి.

ఇక బాధలు. నా గది రోడ్డు వైపు. పక్క ఫంక్షన్ హాల్లో పెళ్ళి, పన్నెండు దాకా డీజే. అది ఆగిందని కళ్ళు మూశానో లేదో, నాలుగున్నరకి బస్టాండు లేచింది. "సాలూరు సాలూరు సాలూర్... పార్వతీపురం..." అని అరుపులు. గీజరు ఉంది, స్విచ్చి లేదు. వేణ్ణీళ్ళు అడిగితే కుర్రాడు "ఆరు దాటాక బకెట్టు తెస్తాన్సార్" అన్నాడు. ఆరు దాటింది, బకెట్టు మాత్రం రాలేదు.

అయినా బొబ్బిలి నాకు బాగా అందింది ఆ తెల్లవారే. నిద్ర ఎలాగూ పోయింది కదా అని అయిదున్నరకి రోడ్డెక్కాను. దివాణం గోడ వెంబడి నడుస్తుంటే వాకిళ్ళలో కల్లాపి చల్లుతున్నారు. వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని, బండి దగ్గర నాలుగిడ్లీలు తిని, ఏడయ్యేసరికి ఆటోలో గొల్లపల్లి చేరాను.

అక్కడ ఒకాయన అరుగు మీద బాసింపట్టు వేసుకుని వీణకి మెట్లు కూర్చుతున్నాడు. పనస మానుతో చేసిన వీణ. దండి మీద నల్లటి మైనం, ఆ మైనంలో 24 ఇత్తడి మెట్లు నిలబడాలి. ఒక మెట్టు ఆనిస్తాడు, తీగ మీటుతాడు, తల వంచి వింటాడు. గోరు మందం జరుపుతాడు. మళ్ళీ మీటుతాడు. నేను కూర్చున్న అరగంటలో మూడు మెట్లు కుదిరాయి. "ఇంత పొద్దున్నే మొదలెట్టేస్తారా?" అంటే, "ఊరు లేసేలోపే సెయ్యాల బాబూ. మోటారు సైకిళ్ళు తిరగడం మొదలైతే సెవికి అందదు" అన్నాడు. బొబ్బిలిలో రాత్రి ఉండిపోడమేటి అని అడిగిన పెద్దాయనకి నేను చెప్పాల్సిన జవాబు ఇదే. ఈ అరగంట విజయనగరంలో పడుకున్నవాడికి దొరకదు.

రెండోసారి అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు నాతో ఉన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఈసారి ప్రయోగాలొద్దని విజయనగరంలో దిగాం. ఏసీ గది 2,200, లిఫ్టు ఉంది, కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు, కింద శాకాహార భోజనం, అవసరమైతే డాక్టరు పక్క వీధిలోనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదుల మీద జీఎస్టీ 5 శాతమే కాబట్టి, ఎవరైనా పాత లెక్కన 12 వేస్తే బిల్లు చూపించి అడగండి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను రెండో ఆలోచన లేకుండా విజయనగరమే చెప్తాను. బాత్‌రూములో కమోడు ఉందా, గది ఏ అంతస్తులో ఉంది అన్నవి కోట దూరం కంటే పెద్ద ప్రశ్నలు.

పైగా విజయనగరంలో కోట ఊరి నడిబొడ్డున కళ్ళెదురుగా ఉంటుంది. 1713లో మొదలైన కోట. లోపల పూసపాటి వారి ట్రస్టు మాన్సాస్ కాలేజీలు నడుస్తున్నాయి, పిల్లలు పుస్తకాలు పట్టుకుని రాజద్వారం కిందనుంచి క్లాసులకి వెళ్తుంటారు. సాయంత్రం అమ్మని ఆటోలో కూర్చోబెట్టి కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి చూపిస్తే రెండు గంటల్లో అయిపోయింది, ఆవిడ ఎక్కడా మెట్లెక్కాల్సిన పని పడలేదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, గురజాడ ఇల్లు మర్నాటికి ఉంచుకున్నాం.

చిక్కల్లా బొబ్బిలి ప్రయాణంతోనే. 55, 60 కిలోమీటర్లంటే ఎంతసేపు అనుకుంటాం. పిల్లలు లేచి, అమ్మ పూజ అయ్యి, టిఫిన్లయ్యి కారెక్కేసరికి తొమ్మిదిన్నర. గజపతినగరం దాటాం. రామభద్రపురం దగ్గర సాలూరు రోడ్డు వదిలి బొబ్బిలి వైపు తిరగాలి. అక్కడ కూరగాయల మార్కెట్టు లారీల వెనక పావుగంట. స్తంభం దగ్గరికి చేరేటప్పటికి ఎండ నడినెత్తిన. పిల్లలు కారు దిగలేదు. అమ్మ అద్దం దించి దణ్ణం పెట్టింది. "ఇదేనా నాన్నా, ఇంతేనా?" అని మా చిన్నది అడిగితే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి కథంతా ఏసీ కార్లో చెప్పాల్సొచ్చింది. రాజాం నుంచి ఆలస్యంగా అందుకుని, అగ్గి అయిపోయిన కోటని చూసి, రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకున్నాడని చెప్పగానే అది అడిగింది: "మరి మనం పడుకున్నది ఆ రాజుగారి ఊళ్ళోనేగా?" అవును తల్లీ. శత్రువుల ఊళ్ళో ఏసీ వేసుకుని పడుకుని, బొబ్బిలివాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకోడానికొచ్చాం.

విజయనగరంలో దిగాలనుకుంటే కారు కంటే రైలు నయం. రాయగడ వైపు వెళ్ళే పొద్దుటి బండి దొరికితే బొబ్బిలి జంక్షన్ గంటకి అటూ ఇటూగా వస్తుంది, ఎండ ముదరకముందే పని అయిపోతుంది. తిరుగు బండి వేళ మాత్రం ముందే చూసుకోండి. అది తప్పితే బస్సే దిక్కు, గంటన్నర పైమాటే.

మూడోది పిన్ని ఇల్లు. బొబ్బిలికి ఆనుకున్న పల్లె. లాడ్జీ చూసుకుంటానని ఫోన్లో అన్నానో లేదో, "ఏటిరా, లాడ్జీలో దిగుతావా? మేం సచ్చిపోయామేటి?" అంది. ఇక ఏం మాట్లాడతాం.

చుట్టాలింట్లో ఖర్చుండదు అనుకునేవాళ్ళు లెక్క సరిగ్గా వెయ్యలేదని నా అనుమానం. పళ్ళు, స్వీటు పాకెట్లు, పిన్నికి చీర, బయల్దేరేముందు పిల్లల చేతుల్లో పెట్టిన నోట్లు అన్నీ కలిపితే 900 లాడ్జీలో మూడు రాత్రులు. అది కాదు అసలు సంగతి. రెండ్రోజులున్నాను, ఆరిళ్ళకి తిప్పారు, తొమ్మిదిసార్లు టీ తాగాను. "కోటకెళ్ళొస్తాను పిన్నీ" అంటే "అదెక్కడికి పోద్దిరా, ముందు అన్నం తిను" అనేది. అన్నం అంటే మామూలు అన్నమా! పొద్దున చోడంబలి, మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూర, రాత్రి చెరువు చేప. కంచం ముందు నుంచి లేచాక ఏ కోటకీ నడిచే ఓపిక ఉండదు.

రెండో రోజు సాయంత్రం బాబాయి బండి తీశాడు. చీకటి పడుతుండగా స్తంభం దగ్గర ఆపి, గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. "సిన్నప్పుడు మాకిది కోటని ఎవులికి తెల్సు? గొడ్లు మేపుకునేవోళ్ళం. మా తాత మాత్రం ఇటేపొచ్చినప్పుడల్లా సెప్పులు ఇప్పేసేవోడు" అన్నాడు. ఎందుకని అడిగితే, "లోపల ఆడోళ్ళు, పిల్లలు పోయారు గదేటి. ఆళ్ళ బూడిద మీద సెప్పుల్తో నడుత్తామేటి?" ఆ మాట విన్నాక నా కాళ్ళ వైపు చూసుకున్నాను. రెండుసార్లు వచ్చాను, రెండుసార్లూ బూట్లతోనే. ఏ హోటలు రిసెప్షన్లోనూ ఈ మాట చెప్పరు. ఊళ్ళో మనవాళ్ళంటూ ఉంటే ఒక్క రాత్రైనా వాళ్ళింట్లో పడుకోవాలి. చూడాల్సినవి మాత్రం దిగకముందే చూసేసుకోండి.

విశాఖపట్నంలో దిగి ఒక్కరోజులో వెళ్ళొస్తాం అనేవాళ్ళకి నా సలహా, మానెయ్యండి. సగం రోజు రోడ్డు మీదే పోతుంది. ఆర్ అండ్ బి అతిథి గృహం సంగతి కూడా కొందరు చెప్తారు. తెలిసిన అధికారి ఉంటే ప్రయత్నించండి, కానీ మంత్రిగారి పర్యటన పడితే మీ గది మీది కాదు.

తేదీలు కూడా చూసుకోవాలి. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను. ఆ వారం విజయనగరంలో గది దొరకడం కల. ఉత్సవం కోసమే వెళ్ళేవాళ్ళు నెలల ముందే చెప్పి పెట్టుకుంటారు. అది చూడ్డానికి కానివాళ్ళు ఆ వారం బొబ్బిలిలో దిగడమే సుఖం. సంక్రాంతి వెళ్ళాక శంబర పోలమాంబ జాతరకి జనం కదిలినప్పుడు బొబ్బిలి వైపు బస్సులు కిటకిటలాడతాయి. మాఘం, వైశాఖం పెళ్ళి ముహూర్తాల్లో బొబ్బిలి లాడ్జీలు పెళ్ళివారివి, ఆ రిజిస్టరు చూశాక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. డిసెంబరు నెల అన్నిటికన్నా నయం. ఎండ ఉండదు, పెద్దగా రద్దీ ఉండదు.

ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్తే బొబ్బిలి లాడ్జీ, ఒక్క రాత్రి. ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: గది వెనక వైపుదేనా, పక్కన ఫంక్షన్ హాలుందా, వేణ్ణీళ్ళు కుళాయిలోనా బకెట్టులోనా. మూడోదానికి "వస్తాయి సార్" అంటే బకెట్టు అని అర్థం. పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే విజయనగరం, రెండు రాత్రులు, బొబ్బిలికి పొద్దుటి రైలు.

వచ్చే నెల తమ్ముడు, మరదలు హైదరాబాదు నుంచి వస్తున్నారు. మొదటి రాత్రికి విజయనగరంలో గది తీశాను. రెండో రాత్రికి బొబ్బిలి లాడ్జీకే ఫోన్ చేసి వెనక వైపు గది చెప్పాను. పెద్దాయనే ఎత్తాడు. "మళ్ళీ కోటకేనా బాబూ?" అన్నాడు. పిన్నికి మాత్రం ఇంకా చెప్పలేదు.