ఇంటి కొలనుల్లో ఫీజు తీసుకుని నడిపే ఈత తరగతులు: డబ్బు కట్టే ముందు జాగ్రత్త

సొంత ఇంటి ఈత కొలనులో ఫీజు తీసుకుని పిల్లలకు ఈత నేర్పే వారి వద్ద మీ పిల్లలను చేర్చాలనుకుంటున్నట్లయితే, డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. మా అబ్బాయిని అటువంటి ఒక తరగతిలో చేర్చి, పూర్తి ఫీజు ముందుగానే చెల్లించి, మధ్యలోనే మాన్పించవలసి వచ్చింది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. అయితే డబ్బు పోయినందుకు కాదు, అక్కడ పిల్లలను ఎటువంటి నీటిలో, ఎవరి పర్యవేక్షణలో దింపుతున్నారో కళ్లారా చూసినందుకే ఈ హెచ్చరిక రాస్తున్నాను.

మొదట నీటి సంగతి. ఆ కొలనులో లోతైన వైపు అడుగు చాలా రోజులు స్పష్టంగా కనిపించేది కాదు. అడుగున నీరు బయటికి పోయే డ్రెయిన్ మూత గట్టు మీది నుంచి స్పష్టంగా కనిపించకపోతే ఎవరినీ నీటిలోకి దిగనివ్వకూడదన్నది బహిరంగ కొలనుల నిర్వహణలో ప్రాథమిక నియమం. మసక నీటిలో కిందికి జారిన పిల్లవాడు పైనున్న వారి కంట పడడు. మునిగిపోతున్న వారు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఊపిరి అందడమే కష్టమైన ఆ క్షణంలో గొంతు పెగలదు; చిన్న పిల్లలు చప్పుడు లేకుండా, చాలాసార్లు నిమిషం గడవకముందే మునిగిపోతారు. ఆ తర్వాత ఆక్సిజన్ అందని మెదడు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది.

పిల్లల కళ్లు ఎర్రబడుతున్నాయని, నీరు ఘాటుగా వాసన వేస్తోందని అడిగితే, క్లోరిన్ బాగా వేశాం కనుక నీరు శుభ్రంగా ఉందన్నట్లే శిక్షకుడు సమాధానమిచ్చారు. ఇది నిజం కాదు. ఆ ఘాటు వాసన చాలావరకు చెమట, మూత్రం వంటి వాటితో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లది. క్రిములను చంపవలసిన క్లోరిన్ అక్కడ ఇతర మలినాలతోనే ఖర్చైపోతోందని దాని అర్థం. సాధారణంగా లీటరు నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ (క్రిములను చంపడానికి ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్) 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలని చెబుతారు. ఒక కుటుంబం వాడుకునేందుకు అమర్చిన ఫిల్టరు, మోటారు బృందం తర్వాత బృందంగా దిగే పిల్లల భారాన్ని మోయలేవు. పైగా విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న నీటిలో కూడా వారం దాటి బతకగలదు. కాబట్టి జబ్బుపడిన పిల్లలను నీటికి దూరంగా ఉంచే నియమం కూడా తప్పనిసరి. అక్కడ నీటి పరీక్షల పుస్తకం లేదు, పరీక్ష కిట్ ఎప్పుడూ బయటికి తీయలేదు.

శిక్షకుడు ఒక్కరే. నీటిలో పది మందికి పైగా పిల్లలు ఉండగా, ఆయన గట్టు మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడడం నేను చూశాను. పాఠం చెప్పే వ్యక్తి, మిగిలిన వారిని కాపలా కాసే వ్యక్తి ఒక్కరే కాకూడదు; ఒక పిల్లవాడి కాళ్లు సరిచేస్తున్న మనిషికి వెనుక ఉన్నవారు కనిపించరు. డ్రెయిన్ మూతకు ఒక వైపు పగులు ఉంది. మోటారు లాగే ఒత్తిడికి జుట్టు గాని, శరీరం గాని అక్కడ చిక్కుకుంటే పెద్దవారు పట్టి లాగినా ఒక్కోసారి విడిపించలేరు, కనుక ఈ ఒక్క లోపానికే ఆ కొలనును మూసి ఉంచవలసింది. సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ పత్రం చూపమని మర్యాదగానే అడిగాను. చూపలేదు సరికదా, నమ్మకం లేకపోతే రావద్దన్నారు. మిగిలిన ఫీజు అడిగినప్పుడు, డబ్బు వ్యక్తిగత ఖాతాలో పడింది కనుక అది ఈత ఫీజని రుజువేమిటని ఎదురు ప్రశ్నించారు.

ఫిర్యాదు చేయబోతే అసలు చిక్కు తెలిసింది. బహిరంగ కొలనులను తనిఖీ చేసే కార్యాలయం వారు అది నివాస గృహం కనుక తమ పరిధిలోకి రాదన్నారు. ఇంటివారు తమ కోసం వాడుకుంటే అది ఇంటి కొలనే, కాదనను. కానీ బయటి పిల్లల దగ్గర ఫీజు తీసుకున్న రోజు నుంచి అది ప్రజలు వాడే కొలను అవుతుంది, ఆ బాధ్యతలన్నీ దానికీ వర్తించాలి. ఇటువంటి తరగతులను నిషేధించమని నేను కోరడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు, ఈ మరణాల్లో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలవి. బడి వయసు పిల్లలకు ఈత నేర్పించాలని ఆ సంస్థే సిఫారసు చేస్తోంది. జనాన్ని చూసి బెదిరే పిల్లలకు ఇంటి కొలను నిజంగా మేలైనది. అందుకే కొలను నమోదు, నీటి తనిఖీ, ఒక్కో శిక్షకుడికి ఇంతమందే పిల్లలన్న పరిమితి, నాలుగు వైపులా కంచె, దానంతట అదే మూసుకునే గేటు, ప్రమాద బీమా తప్పనిసరి చేయాలంటున్నాను. మామూలు గృహ బీమా చాలాసార్లు ఇంట్లో నడిపే వ్యాపారానికి వర్తించదు; ప్రమాదం జరిగితే చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న కుటుంబం మీదే పడుతుంది.

అటువంటి నియమాలు వచ్చే వరకు ఈ తనిఖీ మనమే చేసుకోవాలి. చేర్చే ముందు తరగతి నడుస్తున్న సమయంలోనే వెళ్లి గట్టు మీద నిలబడి చూడండి. తల్లిదండ్రులను లోపలికి రానివ్వబోమని వారు అంటే అక్కడితో వదిలేయండి. ఆ రోజు నీటి పరీక్ష ఫలితాన్ని, శిక్షకుడి ధ్రువపత్రాన్ని, బీమా పత్రాన్ని అడిగి చూడండి. ఫీజు నెలకొకసారి మాత్రమే కట్టి, "ఈత శిక్షణ" అని, మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారో అని రాసిన రసీదు తీసుకోండి. ఇప్పటికే నష్టపోయిన వారు చెల్లింపు వివరాలను, సందేశాలను చెరిపివేయకుండా దాచుకుని, డబ్బు విషయమై వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికి, నీటి విషయమై ప్రజారోగ్య కార్యాలయానికి వేర్వేరుగా, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మా పరిధి కాదని వారు చెబితే ఆ మాటనూ రాతలోనే ఇమ్మని అడగండి.