గుడ్‌వుడ్‌లో నిలువుదోపిడీ, ప్రెస్కాట్‌లో తోపుడు బండి

“ట్రాక్ పక్కన నిలబడి ఫొటోలు తీసుకునే సౌకర్యంతో” అంటూ పాత కార్ల రేసులకి ప్యాకేజీలు అమ్మేవాళ్ళని నమ్మకండి. ఇది రాయడానికి కూర్చున్నదే ఆ ముక్క చెప్పడానికి. మిగతాది ఓపికుంటే చదవండి.

పాత రేసు కార్లని ఫొటోలు తియ్యడమంటే నాకు పిచ్చి. ఇప్పటి రేసు కారులో డ్రైవరు హెల్మెట్టు తప్ప ఏమీ కనబడదు. 1930ల నాటి కారులో అయితే మనిషి ఛాతీ దగ్గర్నుంచీ బయటే ఉంటాడు. మోచేతులు, గాగుల్స్, బిగబట్టిన పెదాలు, మలుపులో స్టీరింగుతో పెనుగులాట, అన్నీ ఫొటోలో పడతాయి. ఇంగ్లండులో ఆ కార్లని అద్దాల వెనక దాచిపెట్టకుండా ఇప్పటికీ పోటీల్లో తోలుతున్నారు. అందుకని ఆగస్టులో ప్రెస్కాట్‌కీ, సెప్టెంబరులో గుడ్‌వుడ్‌కీ వెళ్ళొచ్చాం. మావారికి కారంటే సర్వీసింగు బిల్లు తప్ప ఇంకేమీ గుర్తురాదు. లెన్సుల సంచీ మొయ్యడానికి మనిషి కావాలి కదా అని బయల్దేరారు.

ముందు సెప్టెంబరు సంగతే చెబుతాను, కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి.

గుడ్‌వుడ్ ట్రాక్ ససెక్స్‌లో, చిచెస్టర్ ఊరి పక్కనే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాలు ఎగిరిన వెస్ట్‌హాంప్‌నెట్ స్థావరం చుట్టూ ఉన్న రోడ్డునే 1948లో రేసులకి వాడటం మొదలుపెట్టారు. ఒక చుట్టు 3.8 కిలోమీటర్లు. 1966లో రేసులు ఆగిపోయాయి. 1998లో మళ్ళీ తెరిచినప్పుడు, ఆ పద్దెనిమిదేళ్ళలో ఎలాంటి కార్లు తిరిగాయో అలాంటివే తిరగాలని నియమం పెట్టుకున్నారు. అదే గుడ్‌వుడ్ రివైవల్. చూడ్డానికొచ్చే జనం కూడా ఆ కాలపు బట్టల్లోనే వస్తారు. మావారు ఛారిటీ షాపులో 18 పౌండ్లకి ట్వీడ్ కోటు, 3 పౌండ్లకి టై కొని అద్దం ముందు నిలబడితే కదల్లేదు. మా పెళ్ళికి కూడా అంత ముస్తాబు కాలేదు.

ఇక ప్యాకేజీ. తలకి 240 పౌండ్లు. శనివారం టికెట్టు, మధ్యాహ్నం భోజనం, “ట్రాక్‌సైడ్ ఫొటో యాక్సెస్”. ఫొటోగ్రాఫర్లు తొడుక్కునే బిబ్ ఇస్తారా అని ఏజెంటుకి ముందే మెయిల్ రాసి అడిగాను. “కావలసినవన్నీ అక్కడే అందజేస్తాం” అని జవాబొచ్చింది. తీరా పొద్దున్నే కార్ పార్కులో అతని తాలూకు కుర్రాడొకడు ఓ కవరు చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే రెండు గ్రాండ్‌స్టాండ్ టికెట్లు, రెండు శాండ్‌విచ్ కూపన్లు. బిబ్ ఏదయ్యా అంటే, “మీ సీటు ట్రాక్ పక్కనే కదా మేడమ్” అన్నాడు, కళ్ళార్పకుండా. ఆ లెక్కన ఆ రోజు ట్రాక్ పక్కన లేనివాళ్ళెవరు?

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఇలాంటి మీటింగుల్లో కంచె దాటి అవతల నిలబడటానికి ఇచ్చే బిబ్ నిర్వాహకుల మీడియా ఆఫీసు ఇచ్చేది. పత్రికల తరఫున వచ్చేవాళ్ళు ముందుగా అర్జీ పెట్టుకుని తెచ్చుకుంటారు. అది మూడో మనిషి అమ్మే సరుకు కాదు. ఎవరైనా అమ్ముతున్నామంటే, మీడియా ఆఫీసు పేరు మీద కాగితం చూపించమనండి. అక్కడితో మాట ఆగిపోతుంది.

సీటు గురించి కూడా వినండి. రివైవల్‌కి జనం ఆ కాలపు బట్టల్లో వస్తారని చెప్పాను కదా, ఆడవాళ్ళయితే 1950ల టోపీలు కూడా పెట్టుకుంటారు. మా ముందు వరసలో అలాంటివాళ్ళు నలుగురు కూర్చున్నారు, ఒక్కో టోపీకీ మూరెడు ఈక. అద్దెకి తెచ్చిన పెద్ద లెన్సులో ఆ పొద్దున పడ్డవాటిలో సగం ఈకలే. దానికి మావారు, “పోనీలేవే, కూర్చోడానికి కుర్చీ దొరికింది కదా” అన్నారు. ఏజెంటు మీద కోపం కాసేపు ఈయన మీదికి తిరిగింది.

డబ్బు క్రెడిట్ కార్డు మీద కట్టడం కలిసొచ్చింది. బ్రిటన్‌లో 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ అని ఒకటుంది. 100 పౌండ్లు దాటి 30,000 దాకా ఖరీదు చేసేదాన్ని క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడు మాట తప్పినప్పుడు కార్డిచ్చిన బ్యాంకుకీ బాధ్యత ఉంటుంది. ఏజెంటు జవాబివ్వడం మానేశాక, అతను రాసిన ఆ మెయిలే జతచేసి బ్యాంకుకి పంపాను. నెలన్నర నానబెట్టారు గానీ, టికెట్ల ఖరీదు మినహాయించుకుని మిగతాది వేశారు. డెబిట్ కార్డుకి ఈ సెక్షన్ వర్తించదు, గుర్తుంచుకోండి.

బస సంగతి ఇంతకన్నా ఘోరం. చిచెస్టర్ శివార్లలో ఒక ఇంట్లో గది, రాత్రికి 195 పౌండ్లు. మాకు కావలసింది రెండు రాత్రులు. రేసుల వారంలో కనీసం మూడు తీసుకోవాలన్నాడు ఇంటాయన. 585 ముందే కట్టించుకున్నాడు. పార్కింగుకి రాత్రికి 12 వేరే. గదిలోకెళ్ళి తలుపు మూస్తే దాని వెనక పాత రేట్ల కార్డు వేలాడుతోంది: డబుల్ రూము, అల్పాహారంతో, 72. తియ్యడం మర్చిపోయాడో, తీసేంత సిగ్గు లేదో. పరుపు నడుమ గొయ్యి పడి, ఇద్దరం ఎటు పడుకున్నా మధ్యకే జారేవాళ్ళం. బాత్రూము పక్క గదివాళ్ళతో ఉమ్మడి. గీజరు మీద చేత్తో రాసి అంటించిన కాగితం: “స్నానం 6 నిమిషాలు. మిగతా అతిథుల గురించి ఆలోచించండి.” అల్పాహారం ఎనిమిదింటికి గానీ పెట్టడు. ఎనిమిదింటికి మేం ట్రాక్ దగ్గర ఉండాలి. పోనీ పొట్లం కట్టివ్వమంటే తలకి 6 పౌండ్లు తీసుకుని అరటిపండూ, బిస్కట్ ప్యాకెట్టూ చేతిలో పెట్టాడు. మావారికి నడుం పట్టేసింది. ట్వీడ్ కోటూ టైతో, మాటా పలుకూ లేకుండా, ఆ కాలపు నేవీ ఆఫీసరులా బిగుసుకుని నడిచారు రోజంతా.

ఇన్ని తిట్టినా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. గ్రాండ్‌స్టాండ్ వదిలేసి మామూలు జనంతోపాటు గట్ల మీదికి నడిచాక గుడ్‌వుడ్ ఏమిటో తెలిసింది. లావంట్ మలుపు దగ్గర కార్లు తిన్నగా తిరగవు, పక్కకి జారుతూ తిరుగుతాయి. కారు ముక్కు ఒకవైపు, ముందు చక్రాలు ఇంకోవైపు, డ్రైవరు చూపు మూడోవైపు. చిన్న సెలూన్ కార్లయితే లోపలివైపు చక్రం నేల వదిలేసి గాల్లో తిరుగుతుంటుంది. ఆ చక్రం కింద వెలుతురు కనబడాలంటే నిలబడితే లాభం లేదు, గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చోవాలి. నా ప్యాంటు పాడైంది, ఫొటో దక్కింది.

సెయింట్ మేరీస్ ఇంకో రకం. కుడి మలుపుల ట్రాక్‌లో అదొక ఎడమ మలుపు, పైగా పల్లంలోకి దిగుతుంది. బ్రిటిష్ రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ 1962 ఏప్రిల్ 23న గట్టుకి గుద్దుకుని నెలపాటు స్పృహ లేకుండా పడున్నది ఇక్కడే. ఆయన పెద్ద రేసుల జీవితం ఆ రోజుతో ముగిసింది. కెమెరా కంటికి ఆనించి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. పల్లంలోకి దిగేటప్పుడు కారు బరువు పోగొట్టుకుని ఒక్క క్షణం తేలికైపోతుంది, సరిగ్గా అప్పుడే వెనక భాగం తప్పుకోజూస్తుంది. ఆ క్షణం కోసం 400 ఎంఎం లెన్సయినా కావాలి, గట్టుకీ రోడ్డుకీ దూరం ఎక్కువ. నేను 150–600 లెన్సు వారాంతానికి 64 పౌండ్లకి అద్దెకి తెచ్చుకున్నాను. ఈ మొత్తం ప్రయాణంలో పైసా వృథా కాని ఖర్చు అదొక్కటే.

షట్టరు వేగం 1/1000 సెకనులో పెడితే తీగల చక్రాలు బిగుసుకుపోయి, కారు ఎవరో రోడ్డు మీద ఆపి వెళ్ళినట్టుంటుంది. 1/125తో మొదలుపెట్టి, చెయ్యి అలవాటయ్యాక 1/60కి దిగండి. కారుతోపాటు నడుం తిప్పాలి, చేతులు కాదు. మిట్టమధ్యాహ్నం మాత్రం దూరపు ఫొటోలు తియ్యకండి. రోడ్డు మీంచి లేచే వేడికి బొమ్మ అలలలుగా వణుకుతుంది, ఎంత ఖరీదైన లెన్సయినా దానికి మందు లేదు. ఆ టైములో శాండ్‌విచ్ తినండి. కూపను మీద ఇచ్చింది కాదు, అది అట్టముక్క. గట్టు కింద బండిలో 9.50కి అమ్మే సాసేజ్ రోల్ నయం.

గుడ్‌వుడ్‌కి ఎదురులేనిది ఫొటోలో వెనకభాగం. గడ్డి మోపులు, టోపీల జనం, తెల్ల ఓవరాల్స్ వేసుకున్న మార్షళ్ళు. ఎటు తిప్పి తీసినా ఇప్పటి కాలం చొరబడదు. ఈ ఒక్కదాని కోసం మళ్ళీ వెళ్తాను. కానీ రేసు పాడాక్‌లోకి, అంటే కార్లు నిలిపి సిద్ధం చేసుకునే చోటికి, మా టికెట్టు మీద ప్రవేశం లేదు, అంచేత కార్లని దగ్గర్నుంచి చూసే యోగం పట్టలేదు.

తిరుగుదారిలో వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌లాండ్స్ మ్యూజియం చూశాం. 1907 నాటి వాలు కాంక్రీటు ట్రాక్ ముక్క, 1935లో గంటకి 143.44 మైళ్ళతో చుట్టొచ్చిన 24 లీటర్ల ఇంజను నేపియర్-రైల్టన్ కారు. ఏ గొడవా జరగలేదు, అంతకుమించి చెప్పడానికీ లేదు.

ప్రెస్కాట్ దీనికి పూర్తిగా తిరగేసి. గ్లాస్టర్‌షైర్‌లో చెల్ట్‌నమ్ దగ్గర కొండ మీదికి ఎక్కే 1127 గజాల సన్న రోడ్డు. 1937లో బుగాట్టి ఓనర్స్ క్లబ్ కొనుక్కుంది. మేం వెళ్ళింది ఆగస్టులో వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ అక్కడ పెట్టే పోటీకి. ఒక్కో కారూ ఒంటరిగా గడియారంతో పోటీపడి కొండెక్కుతుంది. టికెట్టు గుడ్‌వుడ్ ధరలో సగం కూడా లేదు. పాడాక్ అంటే చెట్ల కింద తోట. గేటు లేదు, కాపలా లేదు, ఎవరైనా కార్ల మధ్య తిరగొచ్చు. బానెట్లు విప్పి పెట్టి, గడ్డి మీద స్పానర్లు పరిచి, పక్కనే టీ తాగుతుంటారు. గాలినిండా కాలిన ఆముదం వాసన, పాత ఇంజన్లలో ఇప్పటికీ కొందరు అదే పోస్తారు మరి. “ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి ఆముదం పీలుస్తున్నామా” అన్నారు మావారు. అదే ఆయన ఆఖరి సణుగుడు.

ఎందుకంటే, కాసేపటికి నూనె ఓవరాల్స్‌లో ఉన్న ఓ పెద్దాయన ఈయన్ని పిలిచాడు. ఫ్రేజర్ నాష్ కారు, స్టార్టవడం లేదు. “ఆ సంచీ సీట్లో పడేసి కాస్త తొయ్యండి బాబూ” అన్న ధోరణిలో ఏదో అన్నాడు. మావారు నా లెన్సుల సంచీని నిజంగానే సీట్లో పడేసి తోశారు. పదడుగులు తోశారో లేదో, ఇంజను తుపాకీ పేలినట్టు అందుకుంది. కారు వెళ్ళిపోయింది, సంచీతో సహా, స్టార్టు దగ్గర వరసలోకి. నేను అరుస్తూ పరిగెత్తాను. మార్షల్ ఒకావిడ సంచీ తీసి నాకిస్తూ, “ఇది మోసుకెళ్తే ఆయన టైము ఇంకా పాడయ్యేది” అంది.

కొండ దిగొచ్చాక ఆ పెద్దాయన కృతజ్ఞతగా కారు అడుగు భాగం విప్పి చూపించాడు. లోపల గేరుబాక్సు లేదు. గేరుకో గొలుసు చొప్పున పళ్ళచక్రాల మీద వరసగా అమర్చి ఉన్నాయి. ఏ గేరు వేస్తే ఆ గొలుసు లాగుతుంది. వెనక ఇరుసుకి డిఫరెన్షియల్ లేదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి, అందుకే మలుపులో తోక తిప్పుకుంటూ పోతుంది. మావారు చొక్కా చేతులు మడిచి గొలుసుకి గ్రీజు పెట్టడంలో పడ్డారు. నన్ను పూర్తిగా మర్చిపోయారు. ఆ మధ్యాహ్నం నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చింది రేసు ఫొటో కాదు: నల్లటి వేళ్ళు నాలుగు, మెరిసే గొలుసు, దాని మీదికి వంగిన రెండు బట్టతలలు.

రేసు ఫొటోలకి పార్డన్ అనే హెయిర్‌పిన్ మలుపు దగ్గరికి వెళ్ళండి. కార్లు అక్కడ బాగా నెమ్మదిస్తాయి కాబట్టి 1/30కి దిగితే గానీ చక్రం తిరుగుతున్నట్టుండదు. దగ్గరితనం ఎంతంటే 70–200 లెన్సు చాలు. స్టార్టు దగ్గర కారు వెనక్కి జారకుండా చక్రం కింద దిమ్మ పెడతారు, పచ్చదీపం వెలిగాక టైర్లు పొగ కక్కుతూ లేస్తాయి. లోపం చెప్పాలంటే ఫొటోలో వెనకభాగమే. నీలం రంగు ప్లాస్టిక్ టాయిలెట్లు, మడత కుర్చీలు ప్రతి ఫొటోలోనూ తొంగిచూస్తాయి. కిందికి వంగి ఆకాశమో చెట్లో వెనక వచ్చేలా తీస్తే కొంత నయం.

బస ఊరి పబ్బు మీది గదిలో, అల్పాహారంతో 88 పౌండ్లు. పబ్బు నడిపే ఆవిడ మా కోసం పొద్దున ఆరున్నరకే వంటగది తెరిచింది, అదనంగా ఏమీ అడగలేదు. చెల్ట్‌నమ్ స్టేషన్ నుంచి టాక్సీకి 26 అయింది. తీరికుంటే చెల్ట్‌నమ్ రేస్‌కోర్స్ స్టేషన్ నుంచి పాత ఆవిరి రైలుంది, గాదరింగ్టన్‌లో దిగితే ప్రెస్కాట్ దగ్గరే.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ప్రెస్కాట్‌తోనే మొదలుపెట్టండి. రెండుచోట్లకీ చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్ళండి. గుడ్‌వుడ్ టికెట్టు నేరుగా వాళ్ళ దగ్గరే కొనుక్కుని, బస వర్తింగ్‌లోనో పోర్ట్‌స్మత్‌లోనో చూసుకోండి. రెండూ చిచెస్టర్‌కి రైలు లైను మీదే ఉన్నాయి. చిచెస్టర్‌లోనే ఉండి తీరాలంటే నెలల ముందే మాట్లాడుకోండి. కనీసం ఎన్ని రాత్రులు, పార్కింగెంత, అల్పాహారం ఎన్నింటికి, అన్నీ మెయిల్లో రాయించుకోండి. స్నానానికి ఎన్ని నిమిషాలో కూడా అడగండి.