హంప్టా పాస్: ఒక రోజు లెక్క తప్పింది

హిమాచల్‌లో మనాలి దగ్గరి హంప్టా పాస్ (కనుమ) ట్రెక్‌కు బఫర్ డే వద్దని వాదించింది నేనే. ట్రెక్ కంపెనీల ప్యాకేజీలు మూడు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకదాంట్లో మాత్రం వాతావరణం బాగోకపోతే వాడుకోవడానికి ఒక రోజు అదనంగా ఉంది. మనిషికి రెండున్నర వేలు ఎక్కువ. డబ్బు సంగతి సరే, ఇంకో రోజు లీవు ఎవరిస్తారు అన్నాను. ఆఫీసులకు పోయేవాళ్లంతా తలలూపారు. బ్యాంకు బాబాయి ఒక్కరే, "ఏమోరా, వాన మన లీవు లెటర్ చూసి వస్తుందా?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాం.

మేం తొమ్మిది మందిమి, కూకట్‌పల్లిలో ఒకే అపార్ట్‌మెంటు వాళ్లం. చిన్నవాడికి 26, బాబాయికి 58. రెండు నెలల పాటు ఆదివారాలు గోల్కొండ మెట్లెక్కాం, రెండుసార్లు అనంతగిరి అడవిలో బ్యాగులు మోసుకుని నడిచాం. దీనివల్ల మోకాళ్లకు మేలు జరిగింది, ఊపిరికి మాత్రం కాదు. హైదరాబాద్ ఉన్నదే 540 మీటర్ల ఎత్తులో. హంప్టా కనుమ దాదాపు 4,270 మీటర్లు. ఆ తేడాను ఏ గుట్టా నేర్పదు.

వెళ్లింది జూన్ చివరి వారం. మన దగ్గర రెండో వారానికే వానలు మొదలైనా, రుతుపవనాలు హిమాచల్ చేరేసరికి నెలాఖరు అవుతుంది. ఆలోపు వెళితే కనుమ మీద మంచు ఉంటుంది, వాన బెడద ఉండదు అనుకున్నాం. సగం నిజమైంది.

చండీగఢ్ దాకా విమానం, అక్కడి నుంచి టెంపో ట్రావెలర్. మనాలిలో మొదటి రాత్రి మాల్ రోడ్ దగ్గర హోటల్ తీసుకోవడం తప్పే. లిఫ్ట్ లేదు, గదికి ఒక బకెట్ వేడినీళ్లు, కింద అర్ధరాత్రి దాకా హారన్లు. పొద్దున ఆరింటికి లేవాల్సిన వాళ్లకు ఆ చోటు పనికిరాదు.

మర్నాడు జీపుల్లో జోబ్రా. అక్కడ దిగి దేవదారు చెట్ల మధ్య రెండు గంటలు నడిస్తే చికా క్యాంపు. నడక తేలికే. ఇబ్బంది గుడారాల దగ్గర మొదలైంది. టెంటుకు ఇద్దరని రాసిచ్చి ముగ్గురిని పెట్టారు. అడిగితే "బ్యాచ్ పెద్దది సార్" అన్నారు. భోజనానికి మాత్రం వంక పెట్టలేను. రాజ్మా, అన్నం, వేడి రొట్టె, పైగా సేమ్యా పాయసం. రోజుకు రెండుసార్లు వేలికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటర్ పెట్టి అంకెలు పుస్తకంలో రాసుకున్నారు. మా అక్కకు తలనొప్పి వచ్చినప్పుడు అంతకుముందు అంకెలు చూశాకే నడవనిచ్చారు.

పొద్దున లేచేసరికి ముఖం మీద నీటి చుక్కలు. టెంటు కారుతోందని గొడవ చేశాం. గైడ్ వచ్చి లోపలి గుడ్డను చేత్తో నిమిరి చూపించాడు. బయట చుక్క వాన లేదు, ఆ తడంతా ముగ్గురం రాత్రంతా వదిలిన ఊపిరి. చలికి భయపడి గాలి కిటికీలు కూడా జిప్పు వేసేశాం. ఆ రోజు నుంచి జానెడు తెరిచి పడుకున్నాం. చలేసింది గానీ తడవలేదు.

రెండో రోజు బాలూ కా ఘేరాకు. దారంతా ఎడమా కుడీ కొండల నుంచి జలపాతాలు, మధ్యలో జ్వారా పచ్చిక. పన్నెండింటికి ఎండ చురుక్కుమంటోంది, చొక్కా చేతులు మడిచాం. ఒంటిగంటకు కొండ వెనక నుంచి మబ్బు జారింది. ఇరవై నిమిషాల్లో ముందున్న మనిషి బ్యాగు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత వాన. మా వాళ్లలో నలుగురివి పోంచోలు, అంటే తల మీంచి దుప్పటిలా వేసుకునే వానకోట్లు. చవక, బ్యాగు కూడా కప్పుతుంది, మెచ్చుకుని కొన్నాం. గాలి లేచేసరికి అవి గొడుగుల్లా పైకి లేచి, కాళ్లకు చుట్టుకుని, రాళ్ల మీద కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడకుండా చేశాయి. రెయిన్ జాకెట్ వేసుకున్నవాళ్లకు ఆ బాధ లేదు. జీన్స్ వద్దని ఎంత చెప్పినా వినని మా చిన్నోడి ప్యాంటు మాత్రం మనాలి తిరిగొచ్చేదాకా ఆరలేదు.

బాలూ అంటే ఇసుక. వాగు పాయలుగా విడిపోయిన ఇసుక మైదానం అది, చుట్టూ గోడల్లా కొండలు. దాదాపు 3,600 మీటర్లు. ఆ రాత్రంతా వాన. మూడో రోజు తెల్లారి ఐదింటికే బూట్లు బిగించుకుని కూర్చున్నాం. గైడ్ మమ్మల్ని వాగు ఒడ్డుకు తీసుకెళ్లాడు. నిన్న సాయంత్రం మేం బట్టలారేసుకున్న గుండ్రాయి ఒకటుంది. ఇప్పుడు దాని తల కూడా కనిపించడం లేదు, నీళ్లు దాని మీద నుంచి వంపు తిరిగి పోతున్నాయి. "ఆ రాయి బయటికొస్తే పోదాం" అన్నాడు హిందీలో. అంతే. వేరే బ్యాచ్ వాళ్లెవరో మనాలి ఆఫీసుకు శాటిలైట్ ఫోన్ చేయమని అరిచారు. అతను టీ పోయించాడు.

ఆ రోజు వంట గుడారంలో పకోడీలు, అంత్యాక్షరి, అక్క తెచ్చిన కందిపొడితో అన్నం. సాయంత్రం ఐదింటికి రాయి మొహం చూపించింది.

నాలుగో రోజు పొద్దున ఆకాశం నీలంగా ఉంది. కనుమ ఎక్కడం నిట్టనిలువు కాదు, కానీ ఒక మెట్టు అయిపోయిందనుకుంటే ఇంకోటి. మంచు మొదలయ్యాక బూట్లకు జారకుండా పట్టు ఇచ్చే మైక్రోస్పైక్స్ (ఇనుప ముళ్లు) తగిలించారు. బాబాయి పది అడుగులు వేసి పది శ్వాసలు తీసుకుంటూ ఎక్కారు. అందరికంటే వెనకబడ్డా ఒక్కసారీ కూర్చోలేదు. పైన ఇంద్రాసన్ శిఖరం కాసేపు కనిపించింది, ఫోన్ తీసేలోపు మబ్బు కప్పేసింది. అవతలి వైపు చూస్తే దేశం మారినట్టుంది. వెనక కుల్లూ వైపు పచ్చదనం, ముందు లాహౌల్ వైపు చెట్టు కూడా లేని గోధుమరంగు కొండలు. వానమబ్బును ఈ కొండల వరస ఇవతలే ఆపేస్తుంది. దిగేటప్పుడు మంచు మీద కూర్చుని జారాం. 58 ఏళ్ల మనిషి అంత గట్టిగా కేకలు పెట్టడం మా అపార్ట్‌మెంట్లో ఎవరూ విని ఉండరు.

కనుమ అవతలి క్యాంపు శియాగోరులో పడుకుని తెల్లవారుతూనే వాగు దాటాం. మంచు కరిగిన నీరు మధ్యాహ్నానికి పెరుగుతుంది, పొద్దున తక్కువగా ఉంటుంది, అందుకే ఆ తొందర. బూట్లు మెడలో వేసుకుని, చెప్పులతో, ఒకరి మోచేయి ఒకరు పట్టుకుని దిగాం. మొదటి నాలుగు అడుగులు మంట. తర్వాత కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఒడ్డెక్కాక ప్రాణం తిరిగొస్తుంటే అసలు నొప్పి. అక్క ఏడ్చేసింది, తర్వాత తనే నవ్వింది.

ఛత్రుకు చేరేసరికి ఐదో రోజు మధ్యాహ్నం. అసలు ప్లాన్ ప్రకారం నాలుగో రోజున ఇక్కడి నుంచి జీపులో చంద్రతాల్ సరస్సు చూసి రావాలి. ఆ రోజును బాలూ కా ఘేరాలో రాయిని చూస్తూ గడిపేశాం. జీపులు నేరుగా గ్రాంఫూ, కోక్సర్ మీదుగా అటల్ టన్నెల్ వైపు తిప్పారు. తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలోకి ఎండలో దూరి, ఇటు వానలో తేలాం.

గైడ్ చేసింది సరైన పనే, నాకు సందేహం లేదు. కంపెనీ మీద మాత్రం కోపముంది. చంద్రతాల్ జీపు డబ్బు తిరిగివ్వమంటే, వాతావరణ కారణాలకు వాపసు లేదని షరతుల్లో చూపించారు. ముగ్గురిని కుక్కిన టెంటు గురించి ఆ షరతుల్లో ఏముందని అడిగితే జవాబు లేదు. భోజనానికి, గైడ్‌కు పూర్తి మార్కులు, బుకింగ్ ఆఫీసుకు సగం.

చివరి రాత్రి వశిష్ట్‌లో హోమ్‌స్టే. మాల్ రోడ్ హోటల్ కంటే చవక, పది రెట్లు ప్రశాంతం. గుడి దగ్గరి వేడినీటి కుండంలో గంధకం వాసన భరిస్తూ అరగంట కూర్చున్నాం. ఆ ఇంటావిడ సిడ్డు వండింది. మన కుడుములాగే ఆవిరి మీద ఉడికిస్తారు, లోపల అక్రోట్ ముద్ద, పైన నెయ్యి. బాబాయి నాలుగు తిన్నారు.

సోమవారం ఆఫీసుకు పోవాలని ఒక రోజు మిగిల్చానా, జలుబూ జ్వరంతో సోమ, మంగళ రెండు రోజులు సిక్ లీవు పెట్టాను. బాబాయి పొద్దున నడకకు వెళుతూ తలుపు తట్టి, మిరియాల కషాయం ఫ్లాస్కు ఇచ్చి పోయారు. లీవు గురించి ఒక్క మాట కూడా అనలేదు.