మూలా నక్షత్రం నాటి గది, మూఢం నాటి గది

రాత్రి పదింటికి బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి కౌంటర్ ముందు నిలబడి ఉన్నాం. అక్కడున్న ఒక్క కుర్చీలో అమ్మ కూర్చుంది. నాన్న రెండు సంచులూ కాళ్ళ దగ్గర పెట్టుకుని గోడకు ఆనుకున్నారు. యాప్‌లో 2,200కి బుక్ చేసిన కన్ఫర్మేషన్ నా ఫోన్లో ఉంది. కౌంటర్లో అబ్బాయి దాన్ని పూర్తిగా చదవను కూడా లేదు. "ఆ రేటుకు రాదు మేడం. రేపు మూలా నక్షత్రం కదా. 5,500 అయితే నాన్ ఏసీ ఒకటుంది, మూడో అంతస్తులో" అన్నాడు. డబ్బు ముందు కట్టకుండా 'హోటల్లో చెల్లింపు' అని పెట్టాను. గట్టిగా అడుగుదామంటే నా చేతిలో రసీదు ముక్క కూడా లేదు.

ఇది 2025 దసరా మాట. ఆ ఏడు ఇంద్రకీలాద్రి మీద ఉత్సవాలు సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా పదకొండు రోజులు జరిగాయి. అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చే మూలా నక్షత్రం 29, సోమవారం. దానికి ముందు రాత్రి, ఒంగోలు నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ళ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని, నేను చవక గది కోసం ఆశపడ్డాను.

చివరికి నాన్నే తేల్చారు. "గుంటూరు పోదాం పదమ్మా. దసరాకు అక్కడ గదులకేం కొదవ?" కారు మాట్లాడుకుని వారధి దాటి, అర్ధరాత్రికి అరండల్‌పేటలో దిగాం. 1,600కి శుభ్రమైన ఏసీ గది దొరికింది. ఉతికిన దుప్పట్లు, వేడినీళ్ళు, కింద వీధిలోనే టిఫిన్ బండి. తెల్లవారుజామున బస్సెక్కి నెహ్రూ బస్టాండులో దిగి క్యూలో నిలబడ్డాం. కారు ఖర్చు కలుపుకున్నా, బెజవాడలో అడిగిన దానికంటే చాలా తక్కువే అయింది. కానీ ఆ రాత్రి అమ్మ మోకాళ్ళు పడ్డ బాధకు లెక్క కట్టలేను.

నాకు గదుల బేరం కొత్తేం కాదు. 2012 నుంచి నాలుగేళ్ళు ఒహాయోలోని కొలంబస్‌లో ఉన్నాం. అప్పట్లో ప్రైస్‌లైన్‌లో గదికి మన ధర మనమే చెప్పే పద్ధతి ఉండేది. 1998లో మొదలైన అమెరికా బుకింగ్ సైటు అది. ఊళ్ళో ఏ ప్రాంతం, ఎన్ని స్టార్లు అన్నది మనం ఎంచుకోవాలి, ఎంత ఇస్తామో రాయాలి, కార్డు నంబరు ముందే ఇవ్వాలి. ఏదో ఒక హోటల్ ఆ ధరకు ఒప్పుకుంటే తక్షణం డబ్బు కట్ అయిపోతుంది. హోటల్ పేరు ఆ తర్వాతే తెలుస్తుంది. నచ్చలేదన్నా, ప్రయాణం మానుకున్నా పైసా వెనక్కి రాదు. ఒప్పుకోకపోతే అదే కోరికతో మళ్ళీ అడగడానికి ఒక రోజు ఆగాలి. లేదా ఇంకో ప్రాంతం కలిపితే వెంటనే, వేలంలో లాగా, మరో పాట పాడొచ్చు. అందుకని మా వాళ్ళంతా ఒక కిటుకు పట్టారు. నాలుగు స్టార్ల హోటల్ ఒక్కటీ లేని ప్రాంతాన్ని వెతికి దాన్ని కలిపేవాళ్ళం. అక్కడ గది తగిలే భయం ఉండదు, మరో అవకాశం మాత్రం దొరుకుతుంది.

ఒక జనవరిలో షికాగో నడిబొడ్డున నాలుగు స్టార్ల గదికి యాభై డాలర్లు పాడితే కాదన్నారు. ప్రాంతం కలిపి అరవై రెండు పాడితే వచ్చేసింది. పన్నులు వేరు, కారు పార్కింగుకు ఇంకో నలభై పైచిలుకు. అయినా, ఆ గది కిటికీలోంచి గడ్డకట్టిన నది చూస్తూ పిల్లాడు గంటసేపు కదల్లేదు. అదే షికాగోలో జూన్‌లో పెద్ద సమావేశాలు జరిగే వారం నూట ఎనభై దాకా పాడినా ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. నేను పాడే తీరు ఎప్పుడూ ఒకటే. ఆ రాత్రి ఎన్ని గదులు ఖాళీగా మిగులుతాయన్న దాన్ని బట్టే జవాబు మారింది.

సాయంత్రం ఏడు దాటాక బీసెంట్ రోడ్డులో మల్లెపూలమ్మిని చూడండి. పొద్దున మూరకు చెప్పిన ధరకి రాత్రికి రెండు మూరలు ఇస్తుంది. పొద్దుటికి అవి వాడిపోతాయి. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గది కూడా అంతే, రేపటికి దాచుకునేది కాదు. పెళ్ళిరోజు సాయంత్రం మాత్రం అదే పూలమ్మి బేరానికి తలెత్తి కూడా చూడదు.

ప్రైస్‌లైన్ ఆ పాట పద్ధతిని తర్వాత ఆపేసింది. పేరు దాచి తక్కువకిచ్చే గదులు మాత్రం అక్కడ ఇంకా ఉన్నాయి. మన దగ్గర అలాంటి పాట ఎందుకు లేదా అనుకునేదాన్ని. ఉంది. దాని పేరు ఫోను.

డిసెంబరులో మళ్ళీ బెజవాడ పని పడింది. నాన్నకు కంటి ఆపరేషన్, మూడు రాత్రులు ఉండాలి. ఈసారి గది వెతికే ముందు వంటింటి గోడకున్న క్యాలెండరు చూశాను. శుక్ర మూఢం నడుస్తోంది. ముహూర్తాలు లేవు. ముహూర్తాలు లేవంటే కల్యాణ మండపాలు ఖాళీ, పెళ్ళివారి కోసం పదేసి, ఇరవయ్యేసి గదులు ఒక్కసారిగా పట్టేసేవాళ్ళు లేరు. శ్రావణంలో, మాఘంలో బందరు రోడ్డు హోటళ్ళలో గది దొరక్కుండా చేసేది వాళ్ళే. భవానీ దీక్షల విరమణ కూడా డిసెంబరులోనే, ఆ అయిదు రోజులూ తప్పించుకున్నాను.

యాప్‌లో గాంధీనగర్ హోటల్ ఒకటి 2,600 చూపిస్తోంది. మధ్యాహ్నం మూడింటికి, కౌంటర్ దగ్గర రద్దీ ఉండని వేళ చూసి, నేరుగా హోటల్‌కే ఫోన్ చేశాను. "ఆదివారం దిగుతాం, మూడు రాత్రులు, డబ్బు ఇప్పుడే పంపుతాను. టిఫిన్, పన్ను అన్నీ కలిపి 2,000 అయితే ఖాయం చేసుకుంటాను." మేనేజరు గారు కాసేపు ఆగి, "2,100 చేయండమ్మా, ఆదివారం రాత్రి మాకూ ఖాళీయే. సోమవారం నుంచి సెక్రటేరియట్ పనిమీద వచ్చేవాళ్ళతో నిండిపోద్ది" అన్నారు. యాప్ కమిషన్ ఆయనకు మిగిలింది, రాత్రికి అయిదు వందలు నాకు మిగిలాయి. గది పన్ను కూడా ఇప్పుడు తేలికైంది. 7,500 దాకా ఉన్న గదికి పన్నెండు శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి అయిదుకు దిగింది. ఇంకా పన్నెండు వేసి చెప్పేవాళ్ళు తగిలితే బిల్లు చూపించమని అడగండి.

డబ్బు పంపాక మూడు విషయాలు వాట్సాప్‌లో రాయించుకున్నాను: గది నంబరు, వెస్టర్న్ కమోడ్, లిఫ్టు దాకా మెట్లు లేకపోవడం. చివరిది చిన్న విషయం అనుకోవద్దు. బెజవాడ పాత లాడ్జీల్లో "లిఫ్టు ఉందండీ" అంటారు, నిజంగానే ఉంటుంది. ఆ లిఫ్టును చేరడానికి వీధిలోంచి ఏడు మెట్లు ఎక్కాలి. కంటికి కట్టు కట్టుకున్న మనిషికి ఆ ఏడు మెట్లు కొండ ఎక్కినంత పని. మాకు దొరికిన గది ఏమంత గొప్పది కాదు. గీజరు పది నిమిషాలు పట్టింది, ఏలూరు రోడ్డు హారన్లు పన్నెండు దాకా వినిపించాయి. కానీ గుమ్మం నుంచి మంచం దాకా నాన్న ఎక్కడా కాలు తడబడకుండా నడిచారు. పొద్దున బాబాయ్ హోటల్ నుంచి వెన్న ఇడ్లీ కట్టించుకొచ్చి గదిలోనే తినిపించాను.

అదే నేను ఒక్కదాన్నే వచ్చి ఉంటే ఇంత జాగ్రత్త పడేదాన్ని కాదు. బస్టాండు దగ్గరైనా, బెంజి సర్కిల్ అయినా, తాడేపల్లి హైవే పక్కనైనా ఒక రాత్రి పడుకోవడానికి ఏదైనా ఒకటే కాబట్టి, మధ్యాహ్నం దాకా ఆగి, ధర దిగాక పట్టుకునేదాన్ని. ఏ గదైనా పర్వాలేదు, ప్రయాణం మాత్రం మారదు అన్నప్పుడే గుడ్డిగా పాడొచ్చు. షికాగోలో మేం చేసింది అదే. ఆ పాటల్లో ఇచ్చేది ఇద్దరికి సరిపడా గది, అంతే. ఒకే పెద్ద మంచమా, రెండు మంచాలా అన్నదానికి కూడా హామీ ఉండేది కాదు. పెద్దవాళ్ళున్నప్పుడు, ఆస్పత్రి తేదీలు ముందుకీ వెనక్కీ జరిగే పనికి, రాత్రి దిగే బండికి ఆ పాట పనికిరాదు. రద్దు చేసుకోగల గదికి రెండు వందలు ఎక్కువిచ్చినా నయం.

ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు. శాకంబరీ ఉత్సవాల మూడు రోజులూ, సారె పట్టుకొచ్చే బృందాలతోనూ కొండ కిటకిటలాడుతుంది గానీ, వాళ్ళలో చాలామంది వచ్చిన బస్సులోనే సాయంత్రానికి వెళ్ళిపోతారు. కిందటి ఆషాఢంలో శాకంబరికే వచ్చి, గవర్నర్‌పేటలో అప్పటికప్పుడు అడిగి 1,700కి ఉన్నాను. ఈ 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం కూడా వచ్చింది. శుభకార్యాలుండవు. రోళ్ళు పగిలే ఆ బెజవాడ ఎండలో ఎవరు తిరుగుతారంటారా, నేను తిరుగుతాను. పొద్దున్నే మంగళగిరి పానకాలస్వామి దగ్గరికి, ఉండవల్లి గుహలకు పోయి పదింటికల్లా ఏసీ గదిలోకి వచ్చిపడొచ్చు. రెండు హోటళ్ళకు ఇప్పటికే ఫోన్ చేసి పెట్టాను, ఒకరు 1,900కి దిగారు. ఇంకో వారం ఆగి మళ్ళీ అడుగుతాను.

వచ్చే దసరాకు మాత్రం ఆగలేదు. అరండల్‌పేటలోని ఆ గదినే, కింది అంతస్తులో, అడిగినంతకు ఒప్పుకుని, డబ్బు కట్టేసి రసీదు తీసుకున్నాను. "అప్పుడే ఎందుకే, తొందరేముంది?" అంది అమ్మ. రసీదు ఫొటో పంపాను. నాన్నకు చూపించిందట.