చిన్న జెట్‌కూ మా 172కూ ఇంట్లో కట్టిన ఐసు ఏసీ: రెండు వేసవులు వాడాక

మొదట మా సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న ప్రొపెల్లర్ విమానం కోసం ఒకటి కట్టాను, ఆ తర్వాత స్నేహితుడి చిన్న జెట్ కోసం ఇంకోటి. రెండూ బాగా వాడాం కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా. కట్టుకోవాలని ఉన్నవాళ్లు ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: కాక్‌పిట్‌ని చల్లబరచడం మన వల్ల అయ్యే పని కాదు, అందులో కూర్చున్న మనిషిని చల్లబరచడం అవుతుంది. మొదటి ఏడాది నా డబ్బులూ శనివారాలూ పోయింది ఈ తేడా తెలియకే.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన. విమానం డెంటన్ ఎయిర్‌పోర్టులో ఉంటుంది. 1970ల నాటి 172ఎం, నేనూ ఇంకో ఆయనా చెరి సగం పెట్టి కొన్నాం, ఏసీ లేదు. జులై, ఆగస్టుల్లో ఇక్కడ 38, 40 డిగ్రీలు మామూలే. ఎండలో నిలబెట్టిన విమానం తలుపు తీస్తే పొయ్యి దగ్గర ముఖం పెట్టినట్టుంటుంది, సీటు బెల్టు బకిల్ వేళ్లతో ముట్టుకోలేం. విండ్‌షీల్డ్ పై మూలల్లో ఉన్న గొట్టాలు బయటికి లాగితే గాలి వస్తుంది కానీ అది విమానం పరుగెత్తుతుంటేనే. ఇంజిన్ స్టార్ట్ చేసి, మెల్లగా టాక్సీ చేసి, అంటే నేల మీదే రన్‌వే దాకా నడుపుకెళ్లి, రన్‌వే పక్కన ఆగి ఇంజిన్ పరీక్షలు చేసుకుని, మన ముందు నాలుగైదు ట్రైనింగ్ విమానాలుంటే వాటి వెనక వరుసలో నిలబడి, ఇదంతా అయ్యేసరికి ఇరవై, పాతిక నిమిషాలు. కష్టమంతా ఆ పాతిక నిమిషాలే. ఒకసారి పైకి లేచామంటే వెయ్యి అడుగులకు దాదాపు 2 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతూ వస్తుంది, 6,000 అడుగులకు చేరేసరికి కిందికంటే 11, 12 డిగ్రీలు తక్కువ, అప్పుడు ఆ గొట్టాల గాలే చాలు.

ఇంత శ్రమ ఎందుకు, ఓర్చుకుంటే పోలేదా అని మా పార్ట్‌నర్ కూడా అడిగాడు. నిరుడు కాక అంతకు ముందు ఏడాది జులైలో నరసరావుపేట నుంచి నాన్న వచ్చాడు, కొడుకు విమానం నడుపుతుంటే పక్కన కూర్చోవాలని ఆయనకు ఎప్పటి నుంచో ఆశ. వరుసలో ఆరో విమానం మాది. నాన్న కళ్లద్దాల మీదికి చెమట కారుతోంది, తుడుచుకుంటాడు, మళ్లీ పెట్టుకుంటాడు. "ఒరేయ్, మన రెంటచింతల ఎండైనా గాలాడుద్ది కదరా, ఇదేందిరా డబ్బాలో పెట్టి మూత పెట్టినట్టు" అన్నాడు. సరిగ్గా అప్పుడు కంట్రోల్ టవర్ వాళ్లు చెప్పిన రేడియో ఫ్రీక్వెన్సీ నేను తప్పుగా తిరిగి చెప్పాను, వాళ్లు సరిచేశారు, రెండోసారీ తప్పే చెప్పాను. తల దిమ్మెక్కిపోయి ఉంది, ఆ సంగతి నాకే తెలియడం లేదు. టవర్ వాళ్లకు చెప్పి వెనక్కి తిప్పి హ్యాంగర్ దగ్గర ఆపేశాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేడి అంటే చెమట, చికాకు మాత్రమే అనుకుంటాం. అది పైలట్ బుర్రను మందగింపజేస్తుంది, అసలు భయపడాల్సింది దానికే.

మొదట రెడీమేడ్‌ది కొన్నాను. ఐస్ బాక్స్ మూతకు ఫ్యాన్, ఇంకో పక్క గాలి బయటికి వచ్చే మూతి, అంతే. 400 డాలర్ల పైనే పెట్టాను. కంపెనీ పేరు అనవసరం. ఫ్యాన్ లోపలికి తోసిన గాలి ఐసును తాకీ తాకకుండా పైపైనే తిరిగి అవతలి మూతిలోంచి వచ్చేసేది. పది నిమిషాలు బాగానే ఉండేది, ఆ తర్వాత పై వరుస ఐసు కరిగి మధ్యలో గుంట పడేది, ఇంకా సగం ఐసు ఉండగానే గాలి గోరువెచ్చగా వచ్చేది. పైగా కింద నీళ్లు వదిలే బిరడా కారింది. కార్పెట్ కింద నీళ్లు చేరి వాసన పట్టింది, సీట్లు పీకి ఆరబెట్టడానికి ఒక ఆదివారం పోయింది. ఈ మోడల్‌లో నాకు కనబడిన మంచి ఒక్కటే, అమర్చడానికి ఏమీ ఉండదు. ఐసు పోసి స్విచ్ వేయడమే.

దాన్ని పక్కన పెట్టి నేనే కట్టాను. 26 లీటర్ల మామూలు ఐస్ బాక్స్. బోట్లలో చేరిన నీళ్లు తోడే చిన్న 12 వోల్టుల పంపు ఒకటి. కార్లలో హీటర్ కోసం డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్ ఒకటి, పాత కార్లు విప్పే షాపులో దొరికింది. దాని మీదికి గాలి తోసే ఫ్యాన్, అక్కడి నుంచి ముందు సీట్ల మధ్యకు వచ్చేలా బట్టల డ్రయ్యర్‌కు వాడే ముడతల గొట్టం. పంపు అడుగున ఉన్న ఐసు నీళ్లను రేడియేటర్‌లోకి పంపుతుంది, అవి వేడెక్కి మళ్లీ ఐసు మీదే పడతాయి, కాబట్టి ఐసు పైనుంచి కిందిదాకా సమానంగా కరుగుతుంది. బ్యాటరీ కాక అంతా కలిపి 130 డాలర్లయింది. ఇందులో నేను తెలివిగా చేసిన పని ఒకటుంది, అది చెప్పాలి: రేడియేటర్‌ని బాక్స్ బయట పెట్టకుండా మూతకు లోపలి వైపు బిగించాను. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, చల్లటి రేడియేటర్ రెక్కల మీద మంచు పట్టిన గ్లాసు మీద లాగా నీటి బొట్లు నిలుస్తాయి, బయట ఉంటే అవన్నీ సీటు మీద పడతాయి. లోపల ఉంటే టప్ టప్‌మని బాక్స్‌లోకే పడతాయి. ఐసు ఏసీ వల్ల లోపల తేమ పెరిగి ఒళ్లు జిగటగా అవుతుందని కొందరు భయపెడతారు, అది డెజర్ట్ కూలర్ సంగతి. గాలిలో తడి కలిపి చల్లబరచేది డెజర్ట్ కూలర్. ఇక్కడ గాలిలోని తేమే చల్లటి రెక్కల మీద నీరై కారిపోతుంది, వచ్చే గాలి పొడిగా ఉంటుంది. కాకపోతే ఆ తేమను నీరు చేయడానికే ఐసులో కొంత ఖర్చయిపోతుంది, తేమ ఎక్కువున్న రోజున ఐసు తొందరగా అయిపోయేది అందుకే.

ఎంత చల్లన అంటే, నా థర్మామీటర్ ప్రకారం బయట 39 ఉన్న రోజు గొట్టం మూతి దగ్గర మొదటి ఇరవై నిమిషాలు 14 నుంచి 16 డిగ్రీలు, ముప్పావు గంటయ్యాక 22. నాకు అక్కడికి చాలు, అప్పటికి పైనుంటాం.

లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు దీని గురించి గాలిమాటలు చాలా చెప్తారు. మనం ఇళ్లలో ఒక టన్ను ఏసీ, ఒకటిన్నర టన్ను ఏసీ అంటుంటాం కదా, ఆ టన్ను వచ్చిందే ఐసు నుంచి: ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత చలువ ఇస్తుందో అది ఒక టన్ను, మూడున్నర కిలోవాట్లు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి లాగుతుంది. పెట్రోలు బంకులో దొరికే 20 పౌండ్ల సంచి 9 కిలోలు. అది కరిగి, ఆ నీళ్లు 15 డిగ్రీలదాకా వేడెక్కేలోపు దాదాపు 1 కిలోవాట్ అవర్ వేడిని మింగుతుంది. ముప్పావు గంటలో వాడేస్తే మనకు దొరికేది 1.3 కిలోవాట్లు, అంటే టన్నులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. నడినెత్తిన ఉన్న ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్ల దాకా కొడుతుంది, కాక్‌పిట్ చుట్టూ అద్దాలే, పైన కాలిన రేకు, లోపల కూర్చున్న ఒక్కో మనిషీ 100 వాట్లు. ఈ సంచి ఐసు వీటన్నిటితో గెలవలేదు. అదే గాలిని ముఖం, మెడ, ఛాతీ మీదికి గురి పెడితే మాత్రం మనిషికి ప్రాణం లేచొస్తుంది. మొదట్లో నేను గొట్టాన్ని కింద కాళ్ల దగ్గర వదిలి కాక్‌పిట్ అంతా చల్లబడుతుందని ఎదురు చూసేవాణ్ని, ఐసంతా అయిపోయేది కానీ చల్లబడింది లేదు.

బరువు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఐసు, బాక్స్, పంపు, బ్యాటరీ కలిపి నాది 32 పౌండ్లు. అంటే ఐదు గ్యాలన్ల పెట్రోలు పైమాట, మా ఇంజిన్‌కు దాదాపు 40 నిమిషాలు ఎగరడానికి సరిపోయే ఇంధనం. 172ఎం మొత్తం బరువు 2,300 పౌండ్లు దాటకూడదు. పైగా ఐసు కావాల్సింది ఎండ మండే రోజునే, సరిగ్గా అదే రోజున గాలి పలచబడి విమానం లేవడానికి ఇబ్బంది పడుతుంది. డెంటన్ సముద్ర మట్టానికి 642 అడుగుల ఎత్తులో ఉంటుంది, 39 డిగ్రీలప్పుడు మా విమానానికి అది 3,600 అడుగుల పైన ఉన్నట్టే లెక్క. నలుగురం వెళ్లే రోజు నేను బాక్స్ దించేస్తాను, చెమటకు ఓర్చుకుంటాను లేదా తెల్లవారుజామున బయల్దేరతాను. వెనక సీటులో దానికి కూడా మనిషికి పెట్టినట్టే బెల్టు గట్టిగా బిగించాలి, మూతకు విడిగా ఇంకో పట్టీ వేయాలి. గాలి కుదుపుల్లో 32 పౌండ్ల బాక్స్ లేచి తలకు తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఫ్యాన్ మోటారులో అయస్కాంతం ఉంటుంది, దిక్సూచి దగ్గరికి తేకండి. స్విచ్ వేసి, తీసి, ముల్లు కదులుతుందేమో చూసుకోండి. నాకు మొదటి ఫ్యాన్ వేస్తే హెడ్‌సెట్‌లో గుర్రుమని మోత వచ్చింది, వేరేది మార్చాను. కరెంటు విమానం సాకెట్ నుంచి తీసుకోకుండా ఫ్యూజు ఉన్న విడి బ్యాటరీ పెట్టాను, టాక్సీ చేసేటప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దాంతో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఎక్కువ ఇవ్వలేదు, ఉన్నది రేడియోలకు ఉండనివ్వాలి. ఇంకొకటి, మా లాంటి సర్టిఫైడ్ విమానానికి, అంటే ప్రభుత్వం ఆమోదించిన డిజైన్‌తో ఫ్యాక్టరీలో తయారైనదానికి, ఇష్టమొచ్చినట్టు కన్నాలు పెట్టి స్క్రూలు బిగించే హక్కు మనకు లేదు. నా బాక్స్ సామానులాగా ఎక్కుతుంది, సామానులాగా దిగుతుంది, అయినా ముందు మా మెకానిక్‌కు చూపించాకే ఎగిరాను.

డ్రై ఐసు గురించి ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. మైనస్ 78 డిగ్రీలు కదా, ఇంకా చల్లగా ఉంటుందని ఒకరు నాతోనూ అన్నారు. అది కరిగి నీరవదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పెద్ద విమానాల్లోనే ఒక్కో ప్రయాణికుడికి రెండున్నర కిలోలకు మించి అనుమతించరు, అదీ గాలి బయటికి పోయే ప్యాకింగ్‌లో. తలుపులు మూసిన ఇంత చిన్న కాక్‌పిట్‌లో దాని మీద ఫ్యాన్ పెట్టి ముఖానికి కొట్టించుకోవడమంటే ప్రాణాలతో చెలగాటం.

ఇక జెట్ సంగతి. పెద్ద జెట్‌లలో చాలావరకు ఇంజిన్‌లో నొక్కుకుపోయిన వేడి గాలినే కొంత పక్కకు తీసి, దాన్ని చల్లార్చి, ఒక చిన్న టర్బైన్‌లో వ్యాకోచింపజేసి చల్లగాలి చేస్తాయి. నేల మీద ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ గాలి తక్కువ, అందుకే చాలా చిన్న బిజినెస్ జెట్‌లలో మన కార్లలో లాంటి ఏసీ విడిగా పెడతారు. మా స్నేహితుడిది వాటికంటే బుల్లిది, సబ్‌సానెక్స్ అని, కిట్ తెచ్చుకుని సొంతంగా కట్టుకునే ఒంటి సీటు జెట్. వీపు వెనక పైభాగాన చెక్‌లో తయారైన చిన్న టీజే-100 ఇంజిన్, తల చుట్టూ బుడగ లాంటి పారదర్శకమైన మూత, దాన్నే కానపీ అంటారు. ఇంజిన్ నోరు వెనకే ఉంది కాబట్టి, కాగితం ముక్క ఎగిరినా అందులోకి పోతుందని అతను ఇంజిన్ తిరుగుతుండగా కానపీ తెరవడు. ఆ బుడగలో ఎండకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నా బాక్స్ కావాలన్నాడు, కొలిస్తే పెట్టే చోటే లేదు.

అప్పుడు ఆలోచన మారింది. గాలిని చల్లబరచడం ఎందుకు, కార్ రేసుల వాళ్లలాగా చొక్కాలోనే ఐసు నీళ్లు తిప్పుదాం అనుకున్నాం. బిగుతు టీషర్టుకు ఛాతీ మీదా వీపు మీదా సన్నటి మెత్తటి గొట్టం వంకర్లు తిప్పుతూ కుట్టాం, మా ఆవిడ మిషన్ మీద కుట్టిపెట్టింది. తొడ పక్కన పట్టేంత సంచిలో 3 కిలోల ఐసు, చేపల తొట్టె పంపు లాంటి చిన్న పంపు. ఒంట్లోంచి 250 వాట్లు లాగినా గంట దాటి వస్తుంది. మొదటిసారి భుజాల మీద కూడా గొట్టం కుట్టాం, సీటు బెల్టులు బిగించగానే నొక్కుకుపోయి నీళ్లు ఆగిపోయాయి, విప్పి మళ్లీ కుట్టాం. పంపు ఆపకుండా తిప్పితే చర్మం జివ్వుమని నొప్పి పుడుతుంది, అందుకని నిమిషం ఆన్, నిమిషం ఆఫ్ అయ్యేలా టైమర్ పెట్టాం. అన్నిటికంటే ముఖ్యం, గొట్టానికి చొక్కా దగ్గర లాగగానే ఊడొచ్చే జాయింటు ఉండాలి. ఏదైనా అయితే కాక్‌పిట్ లోంచి క్షణాల్లో దూకాలి, అప్పుడు ఐసు సంచి మనిషిని పట్టుకుని వేలాడకూడదు. హ్యాంగర్‌లో కళ్లు మూసుకుని పదిసార్లు ప్రాక్టీసు చేయించాను. విమానం అతను సొంతంగా కట్టుకున్నది, అలాంటివాటిని ఎక్స్‌పరిమెంటల్ రకం అంటారు, పైగా ఈ చొక్కా విమానానికి ఏ మార్పూ చేయదు కాబట్టి కాగితాల గొడవ రాలేదు.

నన్నడిగితే చొక్కాకు ఐదుకు ఐదు, ఒక్కరే ఎగిరేవాళ్లు ఇంకేమీ చూడక్కర్లేదు. నా బాక్స్‌కు నాలుగు, బరువు కోసం ఒకటి తీసేశాను. కొన్న పెట్టెకు ఒకటిన్నర.

నిన్న గొట్టానికి వై ఆకారపు జాయింటు వేసి కుడి సీటు వైపు రెండో మూతి పెట్టాను, ఎత్తు కూడా నాన్న మెడకు వచ్చేలా కొలిచాను. జూన్ 2వ వారంలో ఆయన మళ్లీ వస్తున్నాడు. ఈసారి ఐసు 9 కిలోలు సరిపోతాయా, ఇద్దరికీ పంచితే గాలి చాలుతుందా అన్నది ఈ శనివారం మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను, లెక్క తేలాక ఇక్కడే రాస్తాను.